రాయి తీసిన రోజు: ఏటేటా ఒక విందు

వైద్యచరిత్ర గ్రంథాలలో శస్త్రవైద్యుల పేర్లకు కొదవ లేదు. ఏ శస్త్రచికిత్సను ఎవరు తొలిసారి చేశారో, ఏ పరికరాన్ని ఎవరు రూపొందించారో వాటిలో సంవత్సరాలతో సహా దొరుకుతుంది. బల్ల మీద పడుకున్న మనిషి సంగతి మాత్రం అంతగా దొరకదు. గాయం మానిన తరువాత అతడు ఏమయ్యాడు? తాను బతికి బయటపడిన విషయాన్ని ఏడాది గడిచాక తలచుకున్నాడా? పదేళ్ళు గడిచాక? ఈ ప్రశ్నలకు తన మాటల్లో సమాధానం చెప్పగల రోగులు చరిత్రలో బహు అరుదు. అటువంటి ఒక రోగిని గురించి ఈ వ్యాసం.

ఆయన పేరు శామ్యూల్ పీప్స్. 1633లో లండన్ నగరంలో ఒక దర్జీ ఇంట జన్మించాడు. తల్లి పెళ్ళికి ముందు ఇళ్ళలో బట్టలు ఉతికే పనిలో ఉండేది. పదకొండు మంది సంతానంలో ఈయన ఐదవవాడు. వారిలో అనేకులు పసితనంలోనే పోయారు. చదువులో చురుకైనవాడు కావడం వల్ల కేంబ్రిడ్జిలో పట్టా పుచ్చుకొని, బంధువైన ఎడ్వర్డ్ మాంటెగ్యూ అండతో ప్రభుత్వోద్యోగంలో చేరి, క్రమంగా ఇంగ్లండు నౌకాదళ పరిపాలనకు వెన్నెముక వంటి అధికారి అయ్యాడు. అయినా లోకం ఆయనను గుర్తుంచుకున్నది ఉద్యోగం వల్ల కాదు, 1660 జనవరి 1 నుండి 1669 మే 31 వరకు సంక్షిప్తలిపిలో రాసుకున్న డైరీ వల్ల. పన్నెండు లక్షలకు పైబడిన మాటలతో ఆరు సంపుటాలుగా ఉన్న ఆ డైరీ, ఆయన పుస్తకాలతో పాటు కేంబ్రిడ్జిలోని మాగ్డలెన్ కళాశాలకు చేరి, 1825లో గాని అచ్చులో వెలుగు చూడలేదు.

ఆ డైరీ మొట్టమొదటి వాక్యాలలోనే ఆయన దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఎందుకోసమో తెలుసా? పదవి కోసం కాదు, ధనం కోసం కాదు. ఆనాటికి ఆయన వద్ద అవి పెద్దగా లేవు కూడా. జలుబు చేసినప్పుడు తప్ప తన పాత నొప్పి తనకు లేనందుకు. ఆ పాత నొప్పి ఏమిటో తెలిస్తే గాని ఈ మాట బరువు తెలియదు.

పీప్స్‌కు పుట్టుకతోనే అన్నంతగా మూత్రాశ్మరీ వ్యాధి ఉంది. ఊహ తెలిసిన నాటి నుండి నొప్పి లేని రోజులు తనకు పెద్దగా తెలియవని ఆయనే తరువాతి కాలంలో రాసుకున్నాడు. నొప్పితో పాటు మూత్రంలో రక్తం పడేది. విద్యార్థిగా ఉండగా ఒక వేసవి రోజున స్నేహితులతో చాలా దూరం నడిచి, దాహంతో విపరీతంగా నీరు తాగిన తరువాత, మూత్రపిండంలోని రాయి మూత్రాశయంలోకి దిగిందని ఆయన నమ్మకం. తల్లికీ ఇదే బాధ. ఒకసారి ఆమెకు పడిపోయిన రాయి ఇంటి పొయ్యిగూటిలో జారిపోయి, ఎంత వెదకినా కనబడలేదని డైరీలో ఉంది. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి రాళ్ళుంటే వంశపారంపర్య లక్షణాన్ని అనుమానించాలని మనం ఈనాడు విద్యార్థులకు చెబుతాము. ఆనాడు అది విధిరాత.

ఈ వ్యాధి మానవజాతికి ఎంత పాతదో చెప్పడానికి రెండు సాక్ష్యాలు చాలు. హిపోక్రటీసు పేరిట ప్రచారంలో ఉన్న వైద్యుల ప్రమాణంలో, రాయి కోసం కోత పెట్టను, ఆ పనిని అందులో నేర్పున్నవారికే వదిలివేస్తాను అన్న అర్థం వచ్చే నియమం ఉంది. మన సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో అశ్మరీ శస్త్రచికిత్సను విపులంగా వర్ణించాడు: రోగిని ఎలా కూర్చోబెట్టి కట్టాలి, రాయిని ఎటు నుండి ఎటు నొక్కి కిందికి తేవాలి, మధ్యరేఖకు ఎడమవైపున యవగింజంత దూరంలో ఎలా కోయాలి, రాయి పొడి కొంచెం కూడా మిగలకుండా ఎందుకు తీసివేయాలి (మిగిలినది మళ్ళీ పెరుగుతుంది కనుక). అంతకన్నా ముఖ్యంగా, శస్త్రం చేయకపోతే మరణం నిశ్చయం, చేస్తే సందేహం, కాబట్టి రాజు అనుమతి తీసుకొని మొదలుపెట్టమన్నాడు. ఈనాటి సమ్మతి పత్రానికి ముత్తాత వంటి నియమమిది.

పీప్స్ ముందు నిలిచిన ప్రశ్న కూడా సుశ్రుతుడు చెప్పినదే. వయస్సు ఇరవై ఐదు. పెళ్ళయి మూడేళ్ళు కాలేదు. భార్య ఎలిజబెత్ ఇంకా పద్దెనిమిది నిండని పిల్ల. నొప్పితో ఉద్యోగం చేయలేడు, నిద్రపోలేడు. కోతకు ఒప్పుకుంటే మత్తుమందు లేదు. ఈథర్ మత్తు బహిరంగంగా నిరూపణ అయినది 1846లో. అంటే ఇంకా 188 ఏళ్ళు ఆగాలి. క్రిములు, పరికరాల శుభ్రత అన్న ఊహే లేదు. ఇంటి దగ్గరి వీధిలోనే ఎవరో ఒకరు ఈ కోతతో చనిపోయిన సంగతి అందరికీ తెలిసే ఉండేది. అన్నీ తెలిసే ఆయన ఒప్పుకున్నాడు.

1658 మార్చి 26న, సాలిస్‌బరీ కోర్టులో బంధువు జేన్ టర్నర్ ఇంటిలో శస్త్రచికిత్స జరిగింది. శస్త్రవైద్యుడు సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసే థామస్ హాలియర్, అశ్మరీ శస్త్రంలో చేయి తిరిగినవాడు. ఆ కాలపు పద్ధతి ఇది: రోగిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు పైకి మడిచి గుడ్డపట్టీలతో కట్టివేస్తారు. బలమైన మనుషులు అటూ ఇటూ కదలకుండా పట్టుకుంటారు. మూత్రమార్గం గుండా వంకర లోహశలాకను మూత్రాశయంలోకి పంపి, వృషణాలకు మలద్వారానికి నడుమనున్న భాగంలో కోసి, పటకారుతో రాయిని పట్టి లాగుతారు. నేర్పరి చేతిలో అంతా ఒకటి రెండు నిమిషాలలో ముగియాలి. కుట్లు వేయరు. గాయం దానంతట అది మూసుకోవాలి. పీప్స్ మూత్రాశయం నుండి వచ్చిన రాయి టెన్నిస్ బంతి అంత ఉన్నదని స్నేహితుడు జాన్ ఎవెలిన్ తరువాత రాశాడు. ఆనాటి టెన్నిస్ బంతి నేటి బంతి కంటె చిన్నది. అయినా ఒక యువకుని మూత్రాశయంలో అంత రాయి అంటే శస్త్రవైద్యులెవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

నేను చదువుకున్న రోజులలో మన వైద్య కళాశాలల ప్రదర్శనశాలల్లో గాజు సీసాలలో పెట్టిన ఇటువంటి రాళ్ళు వరుసగా ఉండేవి. వాటిలో చాలా భాగం పిల్లలవి. పాలు, మాంసకృత్తులు కరువై కేవలం గింజధాన్యం మీద పెరిగే పేద పిల్లలకు మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడేవి. తిండి మెరుగుపడిన కొద్దీ ఆ జబ్బు మన ప్రాంతాలలో తగ్గుముఖం పట్టింది. ఈనాటి రాళ్ళు ఎక్కువగా మూత్రపిండాలలో, పెద్దవారిలో కనిపిస్తున్నాయి.

పీప్స్ బతికాడు. టర్నర్ వారి ఇంట మంచం మీద వారాల తరబడి ఉండి, గాయం మాని, తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళాడు. ఇక్కడి నుండే మనకు కావలసిన కథ మొదలవుతుంది.

బతికి ఉన్నంత కాలం ప్రతి మార్చి 26ను పండుగగా జరుపుకోవాలనీ, ఆ పండుగకు జేన్ టర్నర్ గారిని, ఆమె వారిని తప్పక పిలవాలనీ ఆయన నిశ్చయించుకున్నాడు. మొదటి వార్షికం తన ఇంట విందుతో గడిచింది. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాను. శాశ్వత అతిథిగా ఆయన ఎంచుకున్నది కత్తి పట్టిన హాలియర్‌ను కాదు, మంచం ఇచ్చిన ఇల్లాలిని. శస్త్రం నిమిషాల పని. ఆ తరువాత అన్ని వారాలు ఇంటిలో కట్లు, దుర్వాసన, మూలుగు, రాత్రింబవళ్ళ సేవ భరించినది ఆ ఇంటివారు. శస్త్రవైద్యులకు కొంచెం చివుక్కుమన్నా, రోగి లెక్క సరిగానే ఉందని నా అభిప్రాయం.

రెండవ వార్షికం వచ్చేసరికే జీవితం తారుమారయింది. 1660 మార్చి 26 నాటికి ఆయన మాంటెగ్యూ కార్యదర్శిగా యుద్ధనౌక మీద ఉన్నాడు. ప్రవాసంలో ఉన్న రెండవ చార్లెస్‌ను రాజుగా తిరిగి తీసుకురావడానికి జరుగుతున్న సన్నాహాలవి. దేశం మొత్తం ఒక ప్రభుత్వం నుండి ఇంకొక ప్రభుత్వానికి మారుతున్న సమయం. విందు ఎక్కడిది? టర్నర్ గారు ఎక్కడ? బహిరంగంగా జరుపుకోలేకపోతున్నాను, మనస్సులో మాత్రం సంతోషించి దేవుని స్తుతిస్తున్నాను, ఆరోగ్యం ఎన్నడూ లేనంత బాగుంది అన్న భావంతో ఆ రోజు నాలుగు మాటలు రాసుకున్నాడు. అంతే. ఆ సంవత్సరానికి అదే పండుగ.

1661లో ఇంట్లో మెట్ల పని జరుగుతున్నది. పనివాళ్ళ దుమ్ము ధూళి మధ్య విందు కుదరక, తండ్రి ఇంట ఏర్పాటు చేశాడు. పియర్స్ అనే ఒక శస్త్రవైద్యుడు కూడా భార్యతో వచ్చాడు. అది క్రైస్తవుల ఉపవాస కాలం. టర్నర్ గారు, ఆమె వారు మాంసం ముట్టరు. పీప్స్ మాత్రం నిక్షేపంగా మాంసం తింటూ, వారి నోళ్ళు ఊరడం చూసి నవ్వుకున్నాడు. 1662లో విందు తన ఇంటనే జరిగింది. పదార్థాల జాబితా ఆయన రాసిపెట్టాడు: ఉడికించిన రెండు గండు చేపలు, కాల్చిన ఆరు కోడిపిల్లలు, వేడివేడి సాల్మన్ చేప, ఆ తరువాత గుడ్లతో చేసిన తీపి వంటకం, నాలుకల మాంసం, జున్ను. మధ్యాహ్నమంతా మాటలు, పాటలు, పిల్లనగ్రోవి. 1663లో ఆ రోజున కుదరక ఏప్రిల్ 4కు వాయిదా వేసి, ఎండ్రకాయల వంటి పెద్ద రొయ్యలు, పావురాలు, గొర్రె మాంసంతో ఇంకా ఘనంగా చేశాడు. ఆ వంట అంతా ఉన్న ఒక్క పనిమనిషి చేసిందట. ఆమె కృతజ్ఞత ఎవరికి చెప్పుకున్నదో డైరీలో లేదు.

1664లో పండుగ రోజుకు పదకొండు రోజుల ముందు తమ్ముడు టామ్ చనిపోయాడు. అయినా ఆ రోజును ఆయన తన ముఖ్యమైన పండుగ దినమనే రాసుకున్నాడు. అంతేకాదు, ఒక వైద్యుడు ఆనందించదగిన వాక్యాలు ఆ రోజు రాశాడు. ఆరు సంవత్సరాలు గడిచాయి, ఆ వ్యాధి లక్షణాలు ఏమీ లేవు, కాకపోతే కొంచెం చలి తగిలితే చాలు మూత్రం పోసేటప్పుడు నొప్పి, కడుపులో వాయువు, మలబద్ధకం వస్తున్నాయి అని.

ఇది కేవలం స్తోత్రం కాదని గమనించండి. ఇది కేస్‌షీటు. ఆయన ధన్యవాదం ఎప్పుడూ ‘అంతా బాగుంది’ అన్న ఒక్క మాటతో ఆగదు. ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఏ పరిస్థితిలో బాగాలేదు అని చెబుతుంది. శస్త్రచికిత్స తేదీ నుండి ఎన్ని ఏళ్ళు అయినవో లెక్క కడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన నాకు ఈ వ్యత్యాసం గుండెకు తగిలింది. మన రోగులకు కృతజ్ఞత లేదని నేను ఎన్నడూ అనను. డిశ్చార్జి నాడు చేతులు జోడించి, ‘మీరు మాకు దేవుడు బాబూ’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవారు వేలమంది. పొలం నుండి గుమ్మడికాయ, తొలికాపు మామిడిపళ్ళు తెచ్చి ఇచ్చిన వారూ ఉన్నారు. అదే మనుషులు ఆరు వారాలకు రమ్మన్న రోజున రారు. ఏ సంవత్సరం ఏ ఆపరేషన్ అయిందని పదేళ్ళ తరువాత అడిగితే, ‘అప్పుడెప్పుడో, పెద్దోడు పుట్టిన ఏడు’ అంటారు. డిశ్చార్జి కాగితం ఇంటి చూరులో తడిసి పోయి ఉంటుంది. రాయి మళ్ళీ పెరిగి, మూత్రపిండం సగం పాడయ్యాక వస్తారు. కృతజ్ఞత వైద్యుని మీద కుమ్మరించి, శరీరం సంగతి మరచిపోవడం మన అలవాటు. పీప్స్ దానిని తలకిందులు చేశాడు.

మనకు ఇటువంటి ఆచారాలు లేవని కాదు. మొక్కు ఉంది. జబ్బు నయమైతే తిరుమలలో తలనీలాలు ఇస్తాము, మేడారంలో నిలువెత్తు బెల్లం సమర్పిస్తాము. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలకు 1813 నాటి మహమ్మారి కథే మూలమని చెబుతారు. ఐరోపాలో వెనిస్ నగరం 1570లలో వచ్చిన ప్లేగు నుండి బయటపడినందుకు గుడి కట్టించి, ఈనాటికీ ప్రతి జూలైలో ఆ గుడికి నీటి మీద వంతెన వేసుకొని నడచి వెళుతుంది. ఇవి సమాజం మొత్తం కలిసి చేసే స్మరణలు. వ్యక్తి మొక్కుకు మాత్రం ఒక స్వభావం ఉంది: చెల్లించగానే తీరిపోతుంది. ‘మొక్కు తీరింది’ అనే అంటాము, అప్పు తీరిందన్నట్టు. పీప్స్ మొక్కు తీరేది కాదు. ఏటేటా మళ్ళీ తెరిచే ఖాతా.

ఆయనను మహాత్మునిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. అదే డైరీలో ఇంటి పనిపిల్లలతో, తన దయ కోరి వచ్చిన ఉద్యోగుల భార్యలతో ఆయన నడిచిన తీరు చదివితే అసహ్యం కలుగుతుంది. బహుమతుల పేరిట లంచాలూ తీసుకున్నాడు. కృతజ్ఞత గలవాడు గనుక మంచివాడు అనే తీర్పు ఇక్కడ చెల్లదు. అలవాటు ఒక గుణం. అది మిగిలిన గుణాలన్నిటికీ పూచీ పడదు.

ఆయన తర్కం కూడా కొన్నిసార్లు పప్పులో కాలు వేసేది. 1664 చివరి రోజున తన ఆరోగ్యం ఎన్నడూ లేనంత బాగున్నందుకు కారణం వెదుకుతూ మూడు అనుమానాలు రాశాడు: కడుపునొప్పికి విరుగుడుగా వెంట ఉంచుకున్న కుందేలు కాలా, ప్రతి ఉదయం మింగుతున్న టర్పెంటైన్ మాత్రా, లేక పొడుగాటి గౌను వేసుకోవడం మానివేయడమా? తాయెత్తు, మందు, దుస్తులు మూడూ ఒకే వరుసలో. నేటికీ వాట్సాప్‌లో తిరిగే రాయి కరిగించే చిట్కాలకు ఇంతకన్నా గట్టి ఆధారాలు లేవు. కాకపోతే ఆయన ‘ఇదే కారణం’ అని తేల్చలేదు. తెలియడం లేదని రాశాడు. ఆ పాటి వినయం చిట్కాలు పంపేవారికి లేదు.

1665లో ప్లేగు వచ్చింది. జూన్ 7న డ్రూరీ లేన్‌లో రెండు మూడు ఇళ్ళ తలుపుల మీద ఎర్ర శిలువ గుర్తులు చూసి భయపడి, పొగాకు కొని వాసన చూసి నమిలాడు. సెప్టెంబరులో ఒక్క వారంలో ప్లేగు మరణాలు లండన్ లెక్కలలో ఏడు వేలు దాటాయి. మరుసటి సంవత్సరం మహా అగ్నిప్రమాదం. వీటన్నిటి మధ్య నెలాఖరున జమాఖర్చులు చూసుకొని, ఉన్నదానికి దేవునికి దండం పెట్టుకోవడం ఆయన మానలేదు. ప్లేగు సంవత్సరం చివరి రోజున, ఇంత ఉల్లాసంగా ఎన్నడూ జీవించలేదని రాయడం చదివితే ముళ్ళు గుచ్చుకున్నట్టు ఉంటుంది. చుట్టూ పీనుగుల బండ్లు తిరుగుతుండగా ఈ లెక్క ఏమిటి అనిపిస్తుంది. తనకు కలిగిన మేలును లెక్కపెట్టే మనిషి పక్కవాడి కీడును చూడకుండా పోయే ప్రమాదం ఉంది. దానిని దాచడం సరి కాదు.

కాని 1667 మార్చి 26 చూడండి. తల్లి మరణశయ్య మీద ఉన్నది. తరువాతి టపాలో చావు కబురు వస్తుందని ఎదురుచూస్తున్నాడు. తండ్రి కూడా జబ్బుతో ఉన్నాడు. ఆ ఉదయం ఆయన రాసినది క్లుప్తంగా ఇది: మనసు బరువుగా ఉంది, నా విషయంలో మాత్రం ఈ రోజు సంతోషించడానికి కారణం ఉంది, తొమ్మిదేళ్ళు అయింది, ఆరోగ్యం బాగుంది, అందుకు కృతజ్ఞుడిని, అయితే అమ్మ స్థితిని బట్టి ఈసారి విందు తగదు. దుఃఖాన్ని తోసివేయలేదు, కృతజ్ఞతనూ వదులుకోలేదు. విందును మాత్రం మానుకున్నాడు. తల్లి అంతకు ముందు రోజే కన్నుమూసిందని మరునాడు తెలిసింది. ఆమెకూ కొడుకుకూ ఒకే జబ్బు. కొడుకుకు కోత దొరికింది.

ఇటువంటి అలవాట్లను ఇటీవల శాస్త్రజ్ఞులు పరీక్షకు పెట్టారు. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. వారానికొకసారి ఒక గుంపు తమకు కలిగిన మేళ్ళను, ఒక గుంపు చికాకులను, ఒక గుంపు మామూలు సంఘటనలను రాశారు. పది వారాల తరువాత మేళ్ళు రాసినవారు తమ జీవితం గురించి ఎక్కువ సంతృప్తిని, తక్కువ శారీరక బాధలను తెలిపారు. నరాల కండరాల వ్యాధులున్నవారిలో జరిపిన మరొక పరీక్షలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే ఇవన్నీ పాల్గొన్నవారు స్వయంగా చెప్పిన మాటల మీద ఆధారపడిన కొలతలు. అనేక పరీక్షలను కలిపి చూసిన తరువాతి సమీక్షలలో, దిగులు, ఆందోళనల మీద ఈ అలవాటు ప్రభావం స్వల్పమని తేలింది. సోన్యా ల్యూబోమిర్‌స్కీ బృందం చూసిన ఇంకొక సంగతి నాకు ఆసక్తికరంగా తోచింది: వారానికి మూడుసార్లు రాసినవారి కంటె ఒక్కసారే రాసినవారికి మేలు కనబడింది. మాటిమాటికీ చేస్తే మొక్కుబడి అవుతుంది కాబోలు. పీప్స్ ఏడాదికొకసారి ఎంచుకున్నాడు.

కుంగుబాటుతో బాధపడుతున్నవారికి, కేన్సరు నొప్పితో ఉన్నవారికి ‘ఉన్నదానికి సంతోషించు’ అని చెప్పడం వైద్యం కాదు. ముందు మందు, నొప్పి నివారణ. పీప్స్ కూడా ముందు కత్తి కిందికి వెళ్ళి, ఆ తరువాతే విందు చేసుకున్నాడు. మీకో, మీ ఇంటివారికో ఆపరేషన్ జరిగి ఉంటే ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి. ఏటా ఆ రోజున ఎవరికి రుణపడి ఉన్నారో వారికి ఒక ఫోను చేయండి. అదే రోజున శరీరం ఎలా ఉందో అరపేజీ రాసి, పాత కాగితాలతో కలిపి ఒక సంచిలో పెట్టండి. రాళ్ళ జబ్బు వచ్చినవారైతే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగుతున్నారో లేదో చూసుకోండి. మన ఎండలకు అంతకు తగినంత ఎక్కువ తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం నీటి మోతాదు తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఆ రాయి సంగతి చెప్పలేదు కదూ. పీప్స్ దానిని పారవేయలేదు. 1664 ఆగస్టులో 25 షిల్లింగులు పెట్టి దానికొక పెట్టె చేయించాడు. తల్లి రాయి పొయ్యిగూటిలో పోయింది, కొడుకు రాయికి పెట్టె అమిరింది. ఏమి పిచ్చి అనిపిస్తుంది గాని ఆ పెట్టె ఊరికే పోలేదు. 1669 జూన్‌లో జాన్ ఎవెలిన్ సోదరుడు రిచర్డ్ ఇదే వ్యాధితో విలవిలలాడుతూ, కోతకు భయపడుతున్నాడు. ఎవెలిన్ పీప్స్‌ను వెంటబెట్టుకొని అతని వద్దకు వెళ్ళాడు. పీప్స్ తన రాయిని చూపించి, పదకొండేళ్ళ క్రితం నేనూ ఇలాగే ఉన్నాను, ఇదిగో బతికి ఉన్నాను అని ధైర్యం చెప్పాడు. అప్పటికి పది రోజుల క్రితమే, కళ్ళు పోతాయేమోనన్న భయంతో ఆయన తన డైరీని శాశ్వతంగా ముగించాడు. సొంత దిగులు అంత ఉన్నవాడు పరాయి మంచం దగ్గర కూర్చున్నాడు. రోగికి రోగి చెప్పే ధైర్యం ముందు వైద్యుని ఉపన్యాసం ఏపాటిది? నా అనుభవంలో కోతకు భయపడేవారిని ఒప్పించింది ఎక్కువసార్లు పక్క మంచం మీది మనిషే.

రిచర్డ్ ఒప్పుకోలేదు. 1670లో ఆ జబ్బుతోనే చనిపోయాడు.

పీప్స్ జీవితంలో తరువాతి మార్పులు తేలికైనవి కావు. 1669 నవంబరులో భార్య ఎలిజబెత్ జ్వరంతో మరణించింది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఆ కోతలో వీర్యనాళాలు దెబ్బతిని ఉండవచ్చునని వైద్యులు ఊహించారు. నౌకాదళ కార్యదర్శి పదవి వచ్చింది. 1679లో అబద్ధపు అభియోగంతో టవర్ కోటలో బందీ అయ్యాడు. మళ్ళీ పదవి వచ్చింది, 1689లో రాజు మారడంతో పోయింది. భయపడినట్టు కళ్ళు మాత్రం పోలేదు.

జీవితం చివరలో 42 ఏళ్ళ నాటి శస్త్రగాయం మళ్ళీ తెరుచుకున్నది. 1703 మే 26న క్లాపమ్‌లో, డెబ్బయ్యవ ఏట మరణించాడు. శవపరీక్ష జరిగింది. దానికి వచ్చిన వైద్యులలో హాన్స్ స్లోన్ ఒకరు. ఎడమ మూత్రపిండంలో గూడు కట్టినట్టు ఏడు రాళ్ళు, మొత్తం నాలుగున్నర ఔన్సుల బరువు. ఆ వివరాలను మేనల్లుడు జాన్ జాక్సన్ ఎవెలిన్‌కు రాశాడు. అంతిమయాత్రలో శవపేటిక మీది వస్త్రం అంచు పట్టుకోవలసినవారిలో ఎవెలిన్ కూడా ఒకడు కావాలని కోరి, దుఃఖసూచక దుస్తులు కూడా పంపారు. ఎనభై రెండేళ్ళ ఎవెలిన్‌కు ఆరోగ్యం బాగాలేక వెళ్ళలేకపోయాడు. స్నేహితునికి ఆ చివరి సేవ చేయలేకపోయానని తన డైరీలో రాసుకున్నాడు.